ఉన్నికీ లినెన్‌కీ మధ్య ఒక కుట్టు

పోయినవారం జెలిగ్‌ను మనం ఒక గుమ్మంలో వదిలేశాం. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. అక్కడిదాకా ఎలా వచ్చాడో మరిచిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను.

జెలిగ్ హోరన్‌స్టైన్‌కు అరవై ఒక్కేళ్లు. బ్రూక్లిన్‌లోని మా యూదుల పేటలో కొత్త కోటు కొన్నవాళ్లు తొడుక్కునే ముందు అతని దగ్గరికి తెస్తారు. అతను కాలరు కుట్టు విప్పి, ఒక పోగు లాగి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాడు. ఉన్నితో లినెన్, అంటే అవిసె నారబట్ట, కలిసి ఉంటే ఆ బట్ట మాకు నిషిద్ధం. ఎందుకో ధర్మశాస్త్రం చెప్పదు. రహస్యవిద్య చదివిన పెద్దలు మాత్రం ఒక కారణం చెబుతారు. భూమ్మీద ప్రతి మొక్కకూ, ప్రతి జీవికీ పైన ఒక దేవదూత ఉంటాడట. అవిసె మొక్క నారనూ, గొర్రె ఉన్నినీ కలిపి కుడితే పైన ఆ దూతల పనులు చిక్కుపడతాయట. ముప్పై నాలుగేళ్లుగా జెలిగ్ ఆ చిక్కులు విప్పుతున్నాడు.

అతని భార్య ఫ్రూమా పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి అతని బాధ వేరే దూతలతో. శుక్రవారం సాయంత్రం, సబ్బాతు అనే విశ్రాంతిదినం మొదలయ్యేటప్పుడు, ప్రార్థనా మందిరం నుంచి ఇంటికి వచ్చే ప్రతి మనిషి వెంటా ఇద్దరు దూతలు వస్తారు, ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు. ఇంట్లో దీపం వెలిగి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, మనుషులు కూర్చుని ఉంటే మంచివాడు "వచ్చే సబ్బాతు కూడా ఇలాగే ఉండుగాక" అంటాడు, చెడ్డవాడు ఇష్టం లేకపోయినా ఆమెన్ అనాలి. ఇల్లు చిందరవందరగా ఉంటే చెడ్డవాడు అదే దీవెన ఇస్తాడు, మంచివాడు ఆమెన్ అనాలి. ఫ్రూమా పోయిన మొదటి శుక్రవారం జెలిగ్ సింకు పక్కన నిలబడి డబ్బాలోంచి చేప తిన్నాడు. చెడ్డవాడు దీవించాడు. అరవై వారాలుగా ఆ దీవెన పొల్లుపోకుండా ఫలిస్తోంది.

పై అంతస్తులో మామగారు గెట్జెల్ ఉంటాడు. తొంభై ఒక్కేళ్ల దర్జీ. కూతురు పోయాక ఆయన కిందికి దిగడం మానేశాడు. జెలిగ్ సూపు గిన్నె ఆయన గుమ్మం ముందు పెట్టి వస్తాడు. ఇద్దరూ ఒకే సూపును రెండు అంతస్తుల్లో ఒంటరిగా తాగుతారు.

ఒక్క శుక్రవారమైనా మంచివాడి నోరు తెరిపించాలని జెలిగ్ చేయని ప్రయత్నం లేదు. చివరికి చేపల కొట్టు కింద నేలమాళిగలో ఉండే రహస్యవిద్యల ముసలాయన, ఆన్షెల్ దగ్గరికి వెళ్లాడు. చెడ్డవాణ్ని తరిమే మంత్రమేదీ లేదు, ముందు వాడి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం నేర్చుకో, తొమ్మిది వీధుల అవతల ఒకామె అది నేర్పుతుంది, అని ఆన్షెల్ అడ్రసు రాసిచ్చాడు. అది జెన్ బౌద్ధుల ధ్యానమందిరం. తలుపు తీసిన గుండు గురువమ్మ జెలిగ్‌ను పైనుంచి కిందిదాకా చూసి, "బావా" అంది.

ఆమె బ్రైండల్. ఫ్రూమా చెల్లెలు. ముప్పై ఏళ్ల కిందట ఇల్లు వదిలి జపాన్ వెళ్లి, గుండు చేయించుకున్న పిల్ల. గెట్జెల్ చొక్కా చింపుకుని ఏడు రోజులు నేలకు దగ్గరగా కూర్చుని, బతికున్న కూతురికి చావు దుఃఖం పాటించాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తలేదు.

"రెండోది కూడా విప్పు బావా," అంది బ్రైండల్. "ఇక్కడ అందరూ విప్పాల్సిందే."

"మా ఇళ్లలో బూట్లు విప్పి కూర్చునేది ఎవరైనా పోయినప్పుడే."

"మరి నువ్వు వచ్చింది దానికేగా."

జెలిగ్ రెండో బూటు విప్పాడు. మేజోడుకు బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. పక్క కాలితో దాన్ని కప్పుకుని లోపలికి నడిచాడు. నాకు చావు దుఃఖం పాటించినప్పుడు గుడ్లు ఉడికించిపెట్టింది నువ్వేనట కదా, అని ఆమె నడుస్తూనే అడిగింది. చావింట్లో దుఃఖం పాటించేవాళ్లకు గుడ్లు పెట్టడం ఆనవాయితీ. ఉడికించింది అతనే. ఎన్ని గుడ్లని ఆమె అడిగింది. రెండు డజన్లని ఒప్పుకున్నాడు. అంత మందొచ్చారా అని బ్రైండల్ కాస్త సంతోషించినట్టే కనిపించింది.

హాల్లో కొందరు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. కొక్కేలకు వేలాడే కోట్ల మీద పేర్లు చదివితే టైటెల్‌బామ్, ఫింకెల్, రోసెన్‌జ్వైగ్, గ్లక్, అన్నీ మావాళ్ల పేర్లే. చివర ఒక్కడు మాత్రం ఐరిష్‌వాడు. మా మందిరానికి శుక్రవారం మధ్యాహ్నం ఇంతమంది రారు. పదిమంది ఉన్నారా అని చూడటం జెలిగ్‌కు చిన్నప్పటినుంచీ అలవాటు. పదిమంది ఉంటేగానీ సామూహిక ప్రార్థన మొదలుకాదు. అయితే మావాళ్లు మనుషులను నేరుగా లెక్కపెట్టరు, దిష్టి తగులుతుందని. వేలు చూపించి ఒక్కొక్కరినీ కాదనుకుంటూ పోతారు. జెలిగ్ అలాగే గొణిగాడు: "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు..."

గోడవైపు ఉన్న వీపులన్నీ ఒక్కసారి నిటారుగా అయ్యాయి. ఈ ప్రపంచం ఒకటీ కాదు రెండూ కాదని బ్రైండల్ వాళ్లకు ఆరేళ్లుగా చెబుతోంది. గడ్డం పెంచిన ఈ పెద్దమనిషి ఎవరో బూట్లు విప్పీ విప్పకముందే ఆ మాట పలికాడు. పళ్ల డాక్టరు మైరన్ టైటెల్‌బామ్ కళ్లు తుడుచుకున్నాడు. "పదకొండు కాదు" దాకా వచ్చి జెలిగ్ ఆగిపోతే, ఆగిన చోటులో కూడా వాళ్లకు ఏదో అర్థం కనిపించింది.

బ్రైండల్ అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి బార్లీ టీ ఇచ్చింది. ఆ వారం గిన్నెలు తోమే వంతు ఆమెదే. గురువైనా వంతు తప్పదట. మెడలో ఉన్న చిన్న అతుకుల వస్త్రం తీసి, కళ్లకద్దుకుని, మేకుకు తగిలించి వెనక గదిలోకి వెళ్లింది. అది చంటిపిల్లల మెడకు కట్టే బిబ్బులాగా రొమ్ము మీద వేలాడే గుడ్డ. పారేసిన బట్టల ముక్కలు ఏరి, ఒక్కో కుట్టుకూ ఒక్కో నమస్కారం చెప్పుకుంటూ కుట్టుకుంటారు. దాన్ని నేల మీద కూడా పెట్టరు.

అవేవీ జెలిగ్‌కు తెలియవు. అతనికి తెలిసింది ఒకటే. ఎదురుగా పాత బట్టల ముక్కలతో చేసిన వస్తువుంది, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఏ ముక్కను ఏ ముక్కకు అతికారో ఏమిటో. అవతలి గదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. టీ తాగుదామనుకున్నాడు. మళ్లీ చూసేసరికి ఆ వస్త్రం అతని ఒళ్లో ఉంది, జేబులో ఉండే కుట్లు విప్పే చిన్న కత్తి చేతిలో ఉంది, ఒక మూల నాలుగు కుట్లు విప్పేసి ఉన్నాయి.

భూతద్దం పెట్టి చూశాడు. తెల్ల ముక్క లినెన్. పోగు మీద వెదురు కణుపుల్లాంటి గీతలు. దాన్ని ఆనించి కుట్టిన నల్లముక్క ఉన్ని. రెండూ ఒకే దారంతో. చదువుకోని పిల్లవాడు కూడా ఇది నిషిద్ధమని చెప్పేస్తాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఆ నల్ల ఉన్ని అతనికి తెలుసు. ముప్పై నాలుగేళ్ల కిందట, పని నేర్చుకున్న మొదటిరోజు, భయం భయంగా మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన మొదటి కోటు. అతని సొంత పెళ్లికోటు. కొన్నేళ్ల కిందట దాని లోపలి అంచు చిమ్మటలు కొట్టేశాయని, కత్తిరించి కుట్టేశానని ఫ్రూమా అంది. తెల్ల లినెన్ కూడా తెలుసు. మా శ్మశాన సంఘం ఆడవాళ్లు పోయినవాళ్లకు తొడిగే బట్టలు కుట్టేది దానితోనే. ప్రతి బుధవారం ఫ్రూమా వాళ్లతో కూర్చుని కుట్టేది.

"అయ్యా, ఏం చేస్తున్నారు మీరు?" గుమ్మంలో మైరన్ నిలబడి ఉన్నాడు. అతని గొంతు పళ్లు పీకే గదిలో రోగి గొంతులా ఉంది. వెనక గదివైపు తిరిగి, గురువుగారూ, ఈయన వస్త్రం కోసేస్తున్నారు అని చెప్పాడు. హాల్లోంచి మిగతావాళ్లు చప్పుడు లేకుండా వచ్చి మైరన్ వెనక నిలబడ్డారు. మౌనవ్రతం తప్పింది మైరన్ ఒక్కడే, మిగతావాళ్లు తిట్టలేకపోయారు. ఐరిష్‌వాడు మాత్రం శిలువ గుర్తు వేసుకున్నాడు.

బ్రైండల్ తడి చేతులతో వచ్చింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో గురువు లేదు. అక్క బొమ్మను ఎవరో విరగ్గొడితే నిలబడిపోయిన చిన్నపిల్ల ఉంది. తర్వాత చేతులు తుడుచుకుని శిష్యులను హాల్లోకి పంపేసి, జెలిగ్ ఎదురుగా కూర్చుంది.

"నా భార్య కుట్టు ఇది," అన్నాడు జెలిగ్. "నీ మెడలోకి ఎలా వచ్చింది?"

ఆమె చెప్పింది. పదకొండేళ్ల కిందట దారాల కొట్లో అక్కాచెల్లెళ్లు ఎదురుపడ్డారు. బ్రైండల్ నల్లదారం కొంటోంది, ఫ్రూమా తెల్లదారం కొంటోంది. ఫ్రూమాయే ముందు, నీ గుండుకు చలెయ్యడం లేదా అని అడిగింది. నీకు విగ్గు కింద దురదెయ్యడం లేదా అని బ్రైండల్ అడిగింది. మా పేటలో పెళ్లయిన ఆడవాళ్లు గుండు చేయించుకుని విగ్గు పెట్టుకుంటారు. ఇద్దరం గుండ్లమేనే, నీదానికి మూతుంది అంతే, అని చెల్లెలు అంటే, కొట్టువాడు బయటికి పొమ్మనేదాకా ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత బుధవారాలు శ్మశాన సంఘంలో పని కాగానే ఫ్రూమా ఇక్కడికి వచ్చేది. బుద్ధుడి బొమ్మకు ఏనాడూ దండం పెట్టలేదు. బొమ్మకు వీపు పెట్టి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన ముక్కలను ఈ వస్త్రానికి కుట్టేది. టీ మాత్రం తాగేది, గ్లాసు ఇంటినుంచి తెచ్చుకుని.

జెలిగ్ విన్నాడు. భార్య చెల్లెల్ని కలవడం కాదు అతనికి మింగుడుపడనిది. దాదాపు పదేళ్లు బుధవారం రాత్రి భోజనాల దగ్గర, ఈవేళ ఏం కుట్టావని తను అడిగితే, తెల్లబట్ట అని ఆమె చెప్పేది. అది అబద్ధం కాదు, కానీ అందులో నల్లబట్ట మాట లేదు.

"ఆమెకు తెలుసు," అన్నాడు చివరికి. "నా ఇంట్లో ముప్పై మూడేళ్లు ఉన్న మనిషి. ఉన్నీ లినెనూ కలిపి కుట్టకూడదని ఆమెకు తెలియదా? పైన గొర్రె దూతా, అవిసె దూతా చిక్కుపడి ఉంటారు. అందుకే నా ఇంట్లో చెడ్డవాడి మాటే చెల్లుతోంది. ఇది విప్పాలి. ఈవేళ పొద్దు గూకకముందే విప్పాలి."

"నేనూ అదే అడిగాను బావా. మీ ఆయన చూస్తే ఏమంటాడే అని. అక్క ఏమందో తెలుసా? 'ఆ ఇద్దరు దూతలు ఇన్నేళ్లుగా ప్రతి శుక్రవారం మా బల్ల దగ్గరికి వస్తున్నారు. ఒకరు మాట్లాడితే ఒకరు ఆమెన్ అనడమే తప్ప, ఒక్కసారి పలకరించుకోలేదు. మా నాన్నా నువ్వూ లాగే. ఎక్కడో ఒకచోట ఒక కుట్టు పడితేగానీ వీళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోరు' అంది. పూర్వం మన ఆలయంలో యాజకుడి నడికట్టు ఉన్నీ లినెనూ కలిపే నేశారట కదా. అది కూడా తనే చెప్పింది."

"అది ఆలయం. ఇది వంటిల్లు."

"మరి నీ ఇల్లేంటి? బల్ల మీద గుడ్డ కూడా లేదట. ఆన్షెల్ చెప్పాడు."

మూడు గంటలు కొట్టింది. నవంబరు పొద్దు, నాలుగుంపావుకల్లా దీపాలు వెలిగించాలి. అతను కత్తి పట్టుకునే ఉన్నాడు. విప్పితే ఏమవుతుందని అడిగాడు.

"విడిపోతుంది," అంది బ్రైండల్. "నీ కోటు ముక్క నువ్వు పట్టుకెళ్తావు. నేను ఇక్కడుంటాను. నేనేమీ అడ్డుపడను. అక్క ఆస్పత్రిలో మరీ మరీ చెప్పింది, జెలిగ్ ఏ కుట్టునూ ఊరికే వదలడు, ఎప్పటికైనా కనిపెడతాడు, అప్పుడు ఆయన చేతికి అడ్డం వెళ్లకు అని."

అతను మళ్లీ భూతద్దం కింద ఆ కుట్టును చివరిదాకా చూశాడు. పనివాడి చూపది. చివర ముడి లేదు. పోయినవాళ్ల బట్టలు కుట్టేవాళ్లు ముడి వెయ్యరు. ఫ్రూమా చెయ్యి ఆ అలవాటులో పడిపోయింది, లేదా కావాలనే వదిలేసింది. కత్తితో పని లేదు, ఒక్కసారి లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. ఇంత తేలికగా ఊడిపోయే కుట్టు మెడలో వేసుకుని ఈ మనిషి ఇన్నేళ్లు వంగింది, లేచింది, రోజూ తీసి మేకుకు తగిలించింది. ఊడలేదు.

దారం కొసను వేళ్ల మధ్య పట్టుకున్నాడు. బ్రైండల్ కళ్లు దించుకుంది. గంటల తరబడి కదలకుండా కూర్చోగల మనిషి. ఇప్పుడు, ఎప్పుడో ఆరిపోయిన చేతులను మళ్లీ మళ్లీ తుడుచుకుంటోంది. మరణించిందని అందరూ ఒప్పుకున్న మనిషి ఇంతకంటే ఎక్కువగా దేన్ని పోగొట్టుకుంటుందో అనుకున్నాడు జెలిగ్. అది కాసేపు అతన్ని వదల్లేదు. రెండు డజన్ల గుడ్లు. ఒక్కొక్కటీ పెంకు పగలకుండా ఉడికించాడు, అంత జాగ్రత్తగా.

"సూది ఉందా?" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేవబోయి టీ గ్లాసు తన్నేసింది. జెలిగ్ కిటికీ వెలుగులోకి జరిగి, తాను విప్పిన నాలుగు కుట్లూ మళ్లీ వేశాడు. ఉన్ని లినెన్‌కు ఆనేలా, లినెన్ ఉన్నికి ఆనేలా, ఫ్రూమా కుట్టు కొలతలోనే. జీవితమంతా విప్పిన చెయ్యి కాబట్టి కుట్టడం ఆలస్యమైంది. చివరికి వచ్చాక దారాన్ని మడిచి, ముడి వేశాడు. గట్టి ముడి. పళ్లతో కొరికి కొస తెంపాడు.

ఆమె చేతికి ఇస్తూ ఇది మాత్రం నిషిద్ధమే అన్నాడు. పరీక్షించి సరేనని నేను కుట్టే చీటీ దీనికి కుట్టలేను. వీధిలో మెడలో వేసుకోకు, చేత్తో పట్టుకో, పట్టుకోవడంలో తప్పు లేదు.

"ఏ వీధిలో?"

"మా వీధిలో. భోజనానికి వస్తున్నావు కదా."

బ్రైండల్ వస్త్రాన్ని మడిచి చేతిలో పట్టుకుంది. తర్వాత నాన్న పైనే ఉంటాడా అని అడిగింది. ఉంటాడన్నాడు. నేను వస్తున్నట్టు తెలుసా అంది. నాకే ఇప్పుడు తెలిసింది అన్నాడు జెలిగ్.

ఆమె శిష్యుల దగ్గరికి వెళ్లి బయటికి వెళ్తున్నానని చెప్పింది. ఎప్పుడొస్తారని మైరన్ అడిగితే, నాకు తెలియదంది. అదీ ఉపదేశమే అనుకుని వాళ్లంతా వంగి నమస్కరించారు. ఆమె నిజంగానే తెలియక అందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

తొమ్మిది వీధులు నడిచారు. నల్ల వస్త్రాల్లో గుండు స్త్రీ, పక్కన మా పేట అంతటికీ తెలిసిన గడ్డం మనిషి. రొట్టెల దుకాణం వరసలో జడల రొట్టెలు పట్టుకున్న ఆడవాళ్లు మాట్లాడుతూ ఆగిపోయారు. జెలిగ్ ప్రతి ఒక్కరికీ "మంచి సబ్బాతు" చెప్పుకుంటూ నడిచాడు. చెప్పినప్పుడు బదులు చెప్పక తప్పదు కాబట్టి అందరూ చెప్పారు. బ్రైండల్ రెండు రొట్టెలూ కొత్త తెల్లగుడ్డా కొంది. గుడ్డ నేనే పరుస్తాను, ఎలా పరవాలో అక్క నేర్పింది అంది. ఎనిమిదో వీధి నుంచి ఆమె నడక నెమ్మదించింది. జెలిగ్ కూడా నెమ్మదించాడు.

ఇంటికి చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. లోపలి మెట్లు చీకటిగా ఉన్నాయి. సూపు తర్వాత వేడి చేద్దాం, ముందు ఆయన్ని పిలుద్దాం అన్నాడు జెలిగ్. పిలవకపోతే బల్ల సగమే అవుతుంది. అతను ముందు ఎక్కాడు. వెనక బ్రైండల్. ఒకటి, రెండు, నాలుగు. మూడో మెట్టు మీద ఆమె కాలు పెట్టలేదు. చిన్నప్పుడు కిర్రుమంటుందని దాటేసేది, యాభై రెండేళ్ల వయసులో కూడా కాలు తనంతట తానే దాటేసింది. ఆ మెట్టు పదేళ్ల కిందటే బాగుచేయించారు.

పైన తలుపు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. కాళ్లీడ్చుకుంటూ గెట్జెల్ తలుపు దాకా వచ్చాడు. చూపు తగ్గింది గానీ చెవులు తగ్గలేదు.

"జెలిగ్," అన్నాడు లోపలినుంచి. "నీ వెనక ఎవరో మూడో మెట్టు తొక్కలేదు."

జెలిగ్ వెనక్కి చూశాడు. బ్రైండల్ రొట్టెలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. బదులు తను చెప్పాలా, ఆమే చెప్పాలా అని జెలిగ్ తేల్చుకునేలోపు తలుపు గొళ్లెం కదిలింది. అది వేసిన చప్పుడో తీసిన చప్పుడో ఇద్దరికీ తెలియలేదు.

తలుపు ఇంకా మూసే ఉంది. బ్రైండల్ మెల్లగా నాలుగో మెట్టు మీద కూర్చుంది, ధ్యానంలో ఉన్నట్టు వీపు నిటారుగా. జెలిగ్ కాసేపు చూసి, బూట్లు విప్పి ఆమె పక్కన కూర్చున్నాడు. పొద్దు గూకడానికి ఇంకా సమయం ఉంది.